పళ్ళెంలో తూరియా వైపు

"వృత్తానికి భుజాలుండవు అమ్మమ్మా. అందుకే అది బహుభుజి కాదు," అంది నా మనవరాలు విజ్దాన్, గోధుమరవ్వతో వండిన కుస్కుస్ ఉన్న గుండ్రటి పళ్ళెం వంక చూస్తూ. ఏదో ఒకటి మాట్లాడి తినకుండా తప్పించుకోవాలని దాని ఎత్తు.

"లెక్కలు కడుపు నింపవు. తినవే," అన్నాడు నా కొడుకు ఇద్రీస్.

పొద్దున దాని తల్లి తూరియా, స్పెయిన్‌లో స్ట్రాబెర్రీలు కోసే పనికని టాంజియర్‌లో ఓడెక్కింది. అప్పటినుంచి పిల్ల ముద్ద ముట్టలేదు. శుక్రవారం కదా, అందరం ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని కుస్కుస్ తినే రోజు; అలవాటు కొద్దీ నేను నలుగురికీ వండేశాను.

"భుజాల్లేకపోతే మీ మామ వైపు, నా వైపు ఎక్కడినుంచి వచ్చాయే? ఎవరి ముందున్నది వాళ్ళే తినాలని నీకు తెలీదూ?" అన్నాను నేను.

"మరి వాటి మధ్య గీతలేవి?"

"తింటే కనిపిస్తాయి," అన్నాను. ఇక వాదించే ఓపిక నాకు లేదు.

పంతానికి చెంచా అందుకుంది. ముగ్గురం ఎవరి వైపు వాళ్ళం తిన్నాం. కాసేపటికి పళ్ళెంలో తూరియా కూర్చునే వైపు మాత్రమే మిగిలింది, రెండు పక్కలా తిన్నగా కోసిన పుచ్చకాయ ముక్కలా.

"అమ్మమ్మా, భుజాలొచ్చాయి," అంది విజ్దాన్ మెల్లగా. "అమ్మ ఉన్నప్పుడు ఒక్కటీ ఉండేది కాదు."

"దాన్నలాగే ఉంచుదాం," అన్నాను.

"ఎండిపోతుందమ్మా," అంటూ ఇద్రీస్ చెంచా చాచాడు.

విజ్దాన్ పళ్ళెం అంచు పట్టుకుని తిప్పింది. తల్లి వైపు తన ముందుకొచ్చి ఆగింది.

"ఎవరి ముందున్నది వాళ్ళే తినాలి మామా," అని తినడం మొదలుపెట్టింది.