ఇంటి సంబంధం

మూడోసారీ గర్భం నిలవలేదు. పెనుకొండ నుంచి చందన, ఆమె భర్త, అత్త ముగ్గురూ హిందూపురం డాక్టరమ్మ దగ్గరికి వచ్చారు. ఇన్నాళ్లూ మందులన్నీ మింగింది చందన ఒక్కతే.

"దీంట్లో ఏం లోపముండాదో చెప్పమ్మా," అంది అత్త ఓబుళమ్మ. "దీని చెల్లెల్ని మావోడికి చేసుకుంటాం."

కొడుకు తిరుపాల్ నేలకేసి చూశాడు.

డాక్టరమ్మ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టింది. "లోపం కాదు. భార్యాభర్తల రక్తంలో పుట్టుకతో వచ్చే గుర్తులు మరీ ఒకేలా ఉన్నాయి. అందుకే నిలవడం లేదేమో. దగ్గరి సంబంధమా?"

"నా కూతురి కూతురే. బయటోళ్ల రక్తం వద్దని నేనే పట్టుబట్టి చేసినా."

"అయితే ఆ గుర్తులు ఇద్దరికీ మీ నుంచే వచ్చుండొచ్చు."

ఓబుళమ్మ చందనను లేపి, ఆమె కూర్చున్న స్టూలు మీద తను కూర్చుంది.

"సరే, మందు నాకు రాయమ్మా."