బీరువాలో పన్నెండు

"పిల్లల పుస్తకాలు రెండేండ్ల సంది బీరువాల పెట్టి తాళమేసుకున్న మీరు దొంగలు కాదు, నా బిడ్డ దొంగనా సారూ?"

మరియ గొంతు పినపాక రోడ్డు మీద పోయే ఆటోలకు కూడా వినిపించింది. హెడ్మాస్టర్ వెంకటరామారావు కుర్చీలోంచి లేచాడు.

"అమ్మా, అరవకండి. తనిఖీకి పెద్దసారు వచ్చే టైమైంది. శనివారం సాయంత్రం పుస్తకాలు పన్నెండున్నాయి. ఇవాళ పొద్దున చూస్తే పదకొండే, ఏడోది లేదు. మీ అమ్మాయి ఆ బీరువా చుట్టూ తిరగడం ఎన్నిసార్లు చూశానో!"

"తిరుగుతది. చేతికియ్యకపోతె అద్దంల నుంచే చూస్తది. అది గూడ నేరమేనా?"

ఆ పన్నెండు పుస్తకాలూ ఒకే కథకు భాగాలు, పేరు 'మూడు తెడ్లు'. గోదావరి మీద పడవేసుకుని దొంగల వెంటపడే ముగ్గురు పిల్లల సాహసాలు. ఎవరో పుణ్యాత్ముడు బడి పిల్లలు చదువుకోవాలని ఇచ్చిపోయాడు. సారు ఒక్క పిల్ల చేతికీ ఒక్కటీ ఇవ్వలేదు. చిరుగుతాయట! అద్దాల బీరువాలో వరసగా నిలబెట్టి, వచ్చిన ప్రతి పెద్దమనిషికీ చూపించేవాడు.

"చూడండి సార్, ఒక్క పేజీ మడత పడలేదు."

వచ్చినవాళ్లు అద్దం బయటనుంచే లెక్కపెట్టి, చాలా బాగుందని రాసి, టీ తాగి పోయేవాళ్లు.

వాటిని ముట్టుకున్న పిల్ల మరియ కూతురు తబిత ఒక్కతే. అదీ సారు చెప్తేనే. వాళ్ల నాన్న జయరాజ్ సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు కూలీ, ఇంట్లో అట్టముక్కలకు కరువు లేదు. పోయిన ఎండాకాలంలో సారే పన్నెండూ మూటగట్టి ఇచ్చి, అట్టలు గట్టిగా కట్టించుకు రమ్మన్నాడు. వారంలో కొత్త పెళ్లికూతుళ్లలా వచ్చాయి. సారు లెక్కపెట్టుకుని తాళం వేశాడు. ఆ తర్వాత ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తనూ ముట్టుకోలేదు.

"పెద్దసారు వచ్చేలోగా ఏడో పుస్తకం బీరువాలో లేకపోతే టీసీ రాసిచ్చేస్తా. పదో తరగతి పరీక్ష ఎక్కడ రాసుకుంటావో రాసుకో" అన్నాడు సారు.

తబిత కళ్లలో నీళ్లు తిరిగాయి. పరీక్షలు ఇంకా రెండు నెలలే.

"ఎండాకాలం సంది ఆ బీరువా మీద చెయ్యి గూడ పెట్టలే సార్. యేసయ్య మీద ఒట్టు."

గుమ్మంలో జనం పోగయ్యారు. పాలు పోసే కొండమ్మ క్యాను కింద పెట్టి నెత్తి కొట్టుకుంది. "ఇంకేదన్న పోవద్దా సారూ? పొయ్యి పొయ్యి ఏడోదే పోవాల్నా?"

"అవ్, గదే కదా!" అన్నాడు ఆటో జంపయ్య, సొంత బండి పోయినట్టు.

ఏడోదైతే ఏమిటి, తొమ్మిదోదైతే ఏమిటి? వీళ్ల ఏడుపేమిటో సారుకు అర్థం కాలేదు. టీసీ పుస్తకం కోసం సొరుగు లాగాడు.

"ఏమండీ, ఆగండి!"

సారు భార్య పద్మావతమ్మ. వాళ్ల ఇల్లు బడి వెనకే. కొంగు చాటునుంచి ఏడో పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"నిన్న మీరు నిద్రపోతుంటే తాళాలు తీసుకుని ఈ గది తుడవడానికొచ్చాను. ఇది కిందపడి అట్ట ఊడింది. అతికిద్దామని ఇంటికి తీసుకెళ్లాను. దానికింత గొడవా?"

మరియ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇప్పుడు చెప్పుండ్రి సారూ, దొంగెవరు?"

"పొరపాటైందమ్మా."

"నాకు కాదు. నా బిడ్డకు చెప్పుండ్రి."

చెప్పాడు. ఊరంతా చూస్తుండగా చెప్పాడు. పుస్తకం అందుకోబోతే తబిత గబుక్కున చెయ్యి చాపింది. "మీకెందుకు సార్ కష్టం, ఇటియ్యుండ్రి, నేను పెడ్త."

పిల్లది ఎంత మంచిదో అనుకున్నాడు సారు. పెద్దసారు వచ్చాడు, పన్నెండు లెక్కపెట్టాడు, చాలా బాగుందని రాశాడు, టీ తాగి పోయాడు.

సాయంత్రం బోరింగు దగ్గర తబితను పద్మావతమ్మ పట్టుకుంది.

"మీరు రాకపోతె నా బతుకు పాడయ్యేది మేడమ్" అంది తబిత.

"ఆ సంగతి తర్వాత. గది తుడవడానికి నేను పోలేదు. కొండమ్మ పాలతోపాటు పాత పేపర్లో చుట్టి అట్టల్లేని పుస్తకాలు తెస్తుంది చూడు, అవి ఆరు చదివాను. పిల్లల కథలేగా అని మొదలుపెట్టి రెండుసార్లు అన్నం మాడగొట్టాను. ఆరోదాని ఆఖర్లో పడవ సుడిలో పడింది. నెలయినా ఏడోది రాలేదు. ఆగలేక మా ఆయన తాళాలు కొట్టేశాను." పద్మావతమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఇంటికెళ్లి తెరిస్తే, పైన అట్ట, కింద అట్ట, లోపలంతా మీ నాన్న మిల్లు అట్టలు. పన్నెండూ అంతేనా?"

తబిత తల వంచి ఊపింది. "ఏడోది జంపయ్య మామ మరదలు జూలూరుపాడు పట్కపోయింది మేడమ్. వాళ్లూరంత చదివినంక ఇస్తదంట. ఇంకేదన్న అయితె అట్టేసి అప్పుడే తెచ్చి పెడ్తుంటి."

"అదంతా నాకు తెలీదు. శనివారంలోగా అది నా చేతికి రావాలి, వెనకాలే ఎనిమిదోది కూడా రావాలి. లేకపోతే ఆదివారం మా ఆయనతో ఆ బీరువాలో పుస్తకం ఒకటి తెరిపిస్తా!"