గేటు దగ్గర ఇంటర్వ్యూ

“ఏవండీ, హెడ్‌మిస్ట్రెస్ మనింటికే వస్తుందట!” ఫోన్ పెట్టేసి అంది ఫెబి.

జీవన్ కుమార్ టీ కప్పు పక్కన పెట్టేశాడు. “ఇంటికా? ఇంటికెందుకు?”

“కరోనా కదా, బడిలోకి ఎవర్నీ రానివ్వట్లేదట. గేటు దగ్గర నిలబడి మాట్లాడుతుందట. మధ్యాహ్నమే.”

ఇక చూడండి ఆ ఇంట్లో హడావుడి. నాలుగేళ్ళ ప్రెయిస్‌ని లాక్కెళ్ళి తలంటి పోసింది ఫెబి. ఆగస్టు నెలలో క్రిస్మస్ గౌను తొడిగింది. రెండు జడలేసి రిబ్బన్లు కట్టింది.

పాపం, ఫెబి భయం ఫెబిది. డబ్లిన్ శివార్లలో, బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉన్నన్నాళ్ళూ అది అడగని బడి లేదు. అందరూ వెయిటింగ్ లిస్టే అన్నారు. “కడుపులో ఉండగానే పేరు రాయించాలే పిచ్చిమొద్దూ! నాలుగేళ్ళొచ్చాక లేస్తే ఎవరిస్తారు సీటు?” అని అక్కడ పక్కింటి రత్నకుమారి ఆంటీ చీవాట్లు పెట్టింది. అంతలో పడమటి వైపు ఈ చిన్న ఊళ్ళో, ముసలివాళ్ళ హోమ్‌లో ఇద్దరికీ ఉద్యోగాలు దొరికాయి. మూటాముల్లే సర్దుకుని వచ్చిపడ్డారు.

ఒకళ్ళు డ్యూటీ నుంచి వచ్చాక ఒకళ్ళు వెళ్ళడం. మొగుడూ పెళ్ళాం గుమ్మంలో ఎదురుపడటమే కాపురం. సెప్టెంబరు నుంచి అలా కుదరదని మేనేజర్ తేల్చేశాడు. బడిలో సీటు రాకపోతే ఒకళ్ళు ఉద్యోగం మానాలి. మానితే అద్దె కట్టలేరు. అద్దె కట్టలేకపోతే గుంటూరే. వెళదామన్నా విమానాలు సరిగ్గా లేని రోజులు.

ఊరికి ఒక్కటే బడి. అదీ మార్చి నుంచి మూసే ఉంది. ఫెబి ఫోన్ చేసి మెషీన్‌లో మెసేజీల మీద మెసేజీలు పెట్టింది. ఇవాళ్టికి పలికారు.

“పేరడిగితే ఏం చెప్తావ్?”

“ప్రెయిస్.”

“పూర్తి పేరు చెప్పాలమ్మా. రైమ్ అడిగితే గడగడా చెప్పాలి. చెప్పలేదో, గార్డ్స్‌ని పిలుస్తా!” ఆ దేశంలో పోలీసుల్ని అలాగే అంటారు.

“దాన్ని బెదరగొట్టకు. దణ్ణం పెట్టడం నేర్పు, ఇప్పుడు షేక్‌హ్యాండ్లు లేవుగా,” అన్నాడు జీవన్. “మా అన్నకూతురి ఎల్.కె.జి. ఇంటర్వ్యూలో తల్లిదండ్రుల్ని కూడా అడిగారు. నువ్వు ఎక్కువ మాట్లాడకు.”

“మీరు అసలు మాట్లాడకండి.”

“అవునూ, అది ఆర్.సి.ఎం. వాళ్ళ బడి, క్యాథలిక్కులది. మనం లూథరన్‌లం. ఇవాళ ఒక్కపూటకి ఆర్.సి.ఎం. అయిపోదామా?”

“నోర్ముయ్యండి. ప్రభువు వింటాడు.”

హెడ్‌మిస్ట్రెస్ రానే వచ్చింది. సన్నగా వాన. గొడుగు లేదు. మాస్కు కట్టుకుని, టవల్లో చుట్టిన వేడి వేడి యాపిల్ టార్ట్ పట్టుకొచ్చింది. దాన్ని గోడ మీద పెట్టి దూరంగా జరిగి నిలబడింది.

“మనం ఇవ్వాల్సింది పోయి ఆవిడ తెచ్చిందేంటి?” జీవన్ గుసగుసలాడాడు.

సీటు లేదన్నట్టేననుకుంది ఫెబి. ఈ దేశంలో లేదని చెప్పేటప్పుడే ప్రేమ ఎక్కువ చూపిస్తారు. డబ్లిన్‌లో ప్రతి ఒక్కరూ నవ్వుతూనే పొమ్మన్నారు.

“ఇంటి లీజు ఎన్నాళ్ళుంది? మళ్ళీ డబ్లిన్ వెళ్ళిపోరు కదా?” ఇంగ్లీషులో అడిగింది హెడ్‌మిస్ట్రెస్.

నిలకడ లేని మనుషులం అనుకుంటోంది కాబోలు. “లేదండీ, ఎక్కడికీ కదలం,” అంది ఫెబి.

“పాపకి నాలుగు నిండాయా?”

“ఏప్రిల్‌లోనే నిండాయండీ.”

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. ఆ చూపు ఫెబి పొట్ట మీదకి దిగి అక్కడే ఆగింది. ఐదో నెల. ఫెబి చున్నీ లాక్కుంది. ఉన్నదానికే దిక్కు లేదు, ఇంకోటి కూడానా అనుకుంటోందేమో!

“పక్క టౌన్‌లో బడి వాళ్ళని కూడా అడిగారా?”

జీవన్ గొప్పకి పోయాడు. “అయ్యో, వాళ్ళు రమ్మని రోజూ ఫోన్లేనండీ!”

ఆవిడ మొహం పాలిపోయింది. ఫెబి మోచేత్తో పొడిచింది. “కొంప ముంచారు కదండీ!”

హెడ్‌మిస్ట్రెస్ వంగి పిల్ల వంక చూసింది. “నీ పేరేంటమ్మా?”

ప్రెయిస్ ఆవిణ్ణి కిందనుంచి పైదాకా చూసింది. దణ్ణం లేదు, పేరు లేదు, రైమ్ లేదు.

“ఆర్ యూ ద గార్డ్స్?” అంది. అని, తల్లి వెనక్కి దూరి ఒకటే ఏడుపు.

అయిపోయింది. అంతా అయిపోయింది. ఫెబి ఇక ఆగలేకపోయింది.

“పిల్ల మంచిదండీ, నేనే బెదరగొట్టాను. టౌన్ వాళ్ళెవరూ పిలవలేదండీ, ఈయన కోతలు కోశాడు. మేం క్యాథలిక్కులం కూడా కాదు. ఏ మూలనో కూర్చుంటుంది, ఎవరికీ అడ్డం రాదు. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడైనా…” రెండు చేతులూ జోడించి వెక్కి వెక్కి ఏడ్చింది.

హెడ్‌మిస్ట్రెస్ మాస్కు తడిసిపోయింది. వానకో మరి దేనికో. రోడ్డు చివర బడి కప్పు వంక ఒకసారి చూసింది.

“వచ్చే ఏటికి మా బడే ఉండదమ్మా, ఒక్క పిల్ల తక్కువైందని పైవాళ్ళు మూసేస్తామంటున్నారు, మీ పాపని మాకు ఇవ్వరూ?” అంటూ ఆవిడా రెండు చేతులూ జోడించింది.