హాట్‌ప్రెస్‌లో ముప్పై సీసాలు

ఆ శుక్రవారం సాయంత్రం ఐర్లండులో, ఆడమ్స్‌టౌన్‌లోని ఆ ఇంట్లో ఉన్నది నలుగురు. లీక్స్‌లిప్ చిప్ కంపెనీ నుంచి అప్పుడే వచ్చిన రాజ్‌కిరణ్. స్వోర్డ్స్‌లోని ఆఫీసు నుంచి రెండు బస్సులు మారి వచ్చిన అతని భార్య సుధేష్ణ. వాళ్ల మూడేళ్ల కూతురు వర్షిత. పగలంతా పాపను చూసుకునే పుష్పవతి ఆంటీ.

ఉండాల్సిన ముప్పై సీసాల బీరు మాత్రం లేదు.

పెరటి గుమ్మం దగ్గర ఖాళీ సీసాలు బారులు తీరి ఉన్నాయి.

"ఏం చేశారాంటీ?"

"పారవోసిన బిడ్డా. గవి పేల్తయి."

రాజ్‌కిరణ్ ఒక్కో సీసా ఎత్తి చూశాడు.

పుట్టినరోజుకి అతని టీమ్ వాళ్లు ఇచ్చిన కిట్ అది. ఒక బకెట్టు, డబ్బా నిండా నల్లటి మాల్ట్ పాకం, ఈస్ట్ పొట్లం, ఒక చిన్న పుస్తకం. ఐర్లండుకొచ్చి ఆరేళ్లయినా ఆ టీమ్‌లో అతన్ని ఇంటిమనిషిలా కలుపుకున్నది అదే మొదటిసారి. "తయారయ్యాక మేమే వచ్చి రుచి చూస్తాం" అన్నారు. వాళ్లు వచ్చేది రేపే.

బకెట్లో పదిహేను రోజులు పులిశాక సీసాల్లో పోసి, ఒక్కోదాంట్లో అరచెంచా పంచదార వేసి మూత బిగించాలి. ఆ పంచదారే లోపల గ్యాసవుతుంది. తర్వాత వెచ్చటి చోట ఉంచమంది పుస్తకం.

"వెచ్చటి చోటంటే హాట్‌ప్రెస్సే" అన్నాడు రాజ్‌కిరణ్.

మేడ మీద వేడినీళ్ల ట్యాంకు ఉండే అల్మరా అది. ఈ చలిలో తెలుగువాళ్ల ఇడ్లీ పిండి పొంగేది అందులోనే. దాగుడుమూతలకి వర్షిత దూరేదీ అందులోనే.

పుష్పవతి వెనక వీధి మైథిలి వాళ్లమ్మ. కూతురి దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చింది. క్రెష్‌లో సీటు దొరక్క సుధేష్ణ ఉద్యోగం మానుకోబోతుంటే, "నేను చూస్త తియ్" అని తనంతట తానే వచ్చింది. నేత చీర, నుదుట విభూతి, శనివారం ఒంటిపూట. ఆమె ఎదుట బీరు మాట ఎత్తడానికే మొగుడూ పెళ్లాలిద్దరూ జంకేవారు.

"పేలతాయని ఎవరు చెప్పారు మీకు?" రాజ్‌కిరణ్ గొంతు పెంచాడు.

"ఒకటి తీసి చూసిన. చక్కెర ఎక్కువైంది. పైనుంచి ఆ వేడి. పిల్ల రోజు అండ్లనే దాక్కుంటది."

"చక్కెర వేసింది నేనాంటీ. కొలిచి మరీ వేశాను, సీసాకి అరచెంచా. ఎక్కడ ఎక్కువైంది?"

సుధేష్ణ భుజానికున్న బ్యాగు దించడం మర్చిపోయింది.

సీసాలు నింపిన రోజు అతను ఫోను మాట్లాడ్డానికి బయటికి వెళ్లాడు. సాయం చేద్దామని, పుస్తకం చూసుకుంటూ, ప్రతి సీసాలోనూ అరచెంచా తనూ వేసింది. అతను అప్పటికే వేశాడని తెలియదు.

ఇప్పుడు చెప్పొచ్చు. కానీ అతను మండిపడుతున్నాడు. కాస్త చల్లబడ్డాక చెబుదాంలే అనుకుంది.

"ఇది ఇడ్లీ పిండి కాదాంటీ, చూసి చెప్పేయడానికి. మీకు పడకపోతే పడదని చెప్పాల్సింది. మీ మడి మా ఇంట్లో చూపించడమేంటి?"

పుష్పవతి ఏదో అనబోయింది. బిక్కమొహం వేసుకుని చూస్తున్న వర్షితని చూసి ఊరుకుంది.

"సోమవారం నుంచి రావద్దులెండి."

"మంచిది బిడ్డా."

కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని, ఎడంచేత్తోనే తంటాలుపడి చెప్పులు తొడుక్కుంది. అదే చేత్తో పాప తల నిమిరి వెళ్లిపోయింది.

"వై ఈజ్ ఆంటీ శాడ్, మమ్మీ?" అంది వర్షిత.

శనివారం టీమ్ వాళ్లు వచ్చారు. జరిగింది విని నవ్వారు. "గ్రాండ్, పర్లేదు, మళ్లీ చేద్దువులే" అని, వచ్చేటప్పుడు తెచ్చుకున్న బీరే తాగి, ఇడ్లీలు మెచ్చుకుని వెళ్లారు. కొంపేమీ మునగలేదు.

ఆదివారం టిఫిన్ తింటుండగా మేడ మీద ఢామ్మని మోగింది.

హాట్‌ప్రెస్‌లో తువ్వాళ్ల వెనక ఒక్క సీసా పుష్పవతి కంటపడకుండా మిగిలిపోయింది. తలుపు లోపలివైపు గాజుపెంకులు దిగబడి ఉన్నాయి. అన్నీ మూడేళ్ల పిల్ల మొహం ఎత్తులోనే.

రాజ్‌కిరణ్ తలుపులోంచి ఒక పెంకు పీకాడు. "అరచెంచానే కదా వేశాను."

"నేనూ వేశాను" అంది సుధేష్ణ.

పెంకులు పడేద్దామని చెత్తడబ్బా తెరిస్తే అడుగున వేడి గిన్నెలు పట్టుకునే ఓవెన్ గ్లవ్ కనిపించింది. కుడిచేతిది. అరచెయ్యి దగ్గర చీలి, నెత్తురుతో గట్టిపడి ఉంది.

సుధేష్ణ ఉన్నపళంగా వెనక వీధికి పరుగెత్తింది. మైథిలి తలుపు సగమే తీసింది.

"ఆంటీతో మాట్లాడాలి మైథిలీ. తప్పు నాది."

"అమ్మ లేదక్కా. పొద్దుగాల ఫ్లైటుకి పోయింది."

"ఇంకా రెండు నెలలు ఉంటానన్నారు కదా."

"మీ పాప కోసం ఉంటనన్నది. పోయిన నెలనే పోయేదుండె. గప్పుడు టికెట్ మార్పించుకొని ఆగింది."

"చెయ్యి ఎలా ఉంది?"

"ఆరు కుట్లు పడ్డయి. సీసా పగిలిందని చెప్పింది డాక్టరుకి. ఎవరింట్ల అన్నది చెప్పలే."

సుధేష్ణ కళ్లు తుడుచుకుంది. "పూజలు చేసుకునే మనిషి కదా, బీరంటే పడక పారబోసిందనుకున్నాం. ఇలాంటివి ఆవిడకేం తెలుసనుకున్నాం. ఒక్క మాట చెప్పి ఉంటే..."

"ఇన్ని దినాలు మీ ఇంట్ల ఉన్నది. ఏం చేసేదానివని ఒక్కనాడన్న అడిగిన్రా?"

సుధేష్ణ తల దించుకుంది.

"సంగారెడ్డి దిక్కు బీరు ఫ్యాక్టరీల ముప్పై ఏండ్లు కెమిస్టు. అమ్మ సంతకం లేంది ఒక్క సీసా గేటు దాటకపోయేది" అని మైథిలి తలుపు వేసేసింది.