చొక్కా మీది ఎర్ర రంగు

సత్తమ్మ మళ్లీ వచ్చింది.

"గా రంగు సంగతేమైంది మేడం?"

మమతారాణికి లేచి ఓదార్చే ఓపిక లేదు. కరీంనగర్‌లోని ఆ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో యంత్రం ఒక్కటి, కేసులు కుప్పలు. బయటివాళ్లను లోపలికి రానివ్వొద్దని రూలుంది. కానీ ఇచ్చోడ అవతలి పల్లె నుంచి బస్సులు మారి వచ్చే పెద్దామెను ఆపడానికి వాచ్‌మన్‌కు మనసొప్పదు.

ఆమె భర్త బాలమల్లు పొద్దున్నే ఎద్దును తోలుకొని చేనికి బయల్దేరాడు. రోడ్డు పక్కన పక్కటెముకలు విరిగి చనిపోయి కనిపించాడు. చొక్కా మీద ఎర్రటి మరక. అదే దారిన పోయిన ఎర్ర కారు డ్రైవరు లక్ష్మణ్ ఇప్పుడు జైల్లో ఉన్నాడు. నేను గుద్దలేదు మొర్రో అంటే ఎవరు వింటారు? బంపరు సొట్టపోయి ఉందాయె.

"ఎద్దొక్కటే ఇంటికొచ్చింది మేడం. వాకిట్ల నిలబడి ఒక్కటే అరుసుడు. నోరులేని జీవం, గదే వచ్చి మాకు చెప్పింది. అమ్మేయుమని అందరన్నరు. నేనమ్మలే. ఆయన పోయినంక నాకు గదే దిక్కు."

సత్తమ్మ వచ్చినప్పుడల్లా మమతారాణి ఈ మాటలు వింటూనే ఉంది. విని విని విసుగూ పోయింది.

"ఆ కారోని ఇల్లు కూల! వాడే గుద్దిండని మీ మిషన్ చెప్తే సాలు. నాకింకేం వద్దు."

యంత్రం ఈ పొద్దే చెప్పింది. చొక్కా నుంచి గీకిన రంగును వేడి చేసి ఆవిరి చేస్తే, గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం అందులో కలిసినవాటిని విడదీసి తెర మీద గీతలు గీసింది. కారు రంగు గీతలు పక్కన పెడితే ఎక్కడా కలవలేదు.

"కాదవ్వా. గిది కారు రంగు కాదు. లక్ష్మణ్ గుద్దలే."

"మరెవలు?"

"ఏమో. తలుపులకు, కిటికీలకు ఏసే నూనె రంగు గిది. పచ్చిగున్నప్పుడే చొక్కాకు రుద్దుకున్నది. మీ ఇంట్ల గసొంటి ఎర్ర రంగు ఏమన్న ఉండెనా? జర యాది చేస్కో."

"మాది తడక తలుపు మేడం. దానికి రంగెవరేస్తరు?"

అంటుండగానే సత్తమ్మ చేతిలోని సంచి జారి కిందపడింది. తీసుకోలేదు.

"ఆయన పోయిన ముందు దినం పొలాల, ఎద్దుల పండుగ మేడం," అంది, "ఎద్దు కొమ్ములకు ఎర్ర రంగు నేనే పూసిన."