ఇనుముకు గోరింటాకు

"ఇగ నువ్వు లోపలికి నడువు," నీలమ్మ కొడుకును కసిరింది. "ఆ పిల్ల ఆకుకొచ్చే యాళ్లయింది. చదువుకునేదాన్ని మాటల్ల పెట్టకు."

ఆఫీసుకు తయారై కూడా గోరింట చెట్టుకు నీళ్లు పడుతున్న సాయిచంద్, పైపు వదిలేసి ఇంట్లోకి నడిచాడు.

మాదాపూర్ నిండా అద్దాల మేడలు లేచినా నీలమ్మ వాకిట్లో ఆ చెట్టు మిగిలింది. యూనివర్సిటీలో కెమిస్ట్రీ పరిశోధన చేసే కృష్ణప్రియ దానికోసం కూకట్‌పల్లి నుంచి మెట్రోలో వస్తుంది.

మొదటిసారి వచ్చినప్పుడు నీలమ్మ అడిగింది. "ఎవరి పెండ్లికి బిడ్డా, గింత ఆకు?"

"పెళ్లికి కాదండి, ఇనుముకు."

"ఇనుముకు గోరింటాకా?"

"ఫ్యాక్టరీ గొట్టాల్లో తుప్పును యాసిడ్‌తో కడుగుతారండి. ఆ యాసిడ్ తుప్పుతో పాటు మంచి ఇనుమునూ తినేస్తుంది. ఈ ఆకు రసం కలిపితే ఇనుముకు పొరలా పట్టుకుని కాపాడుతుంది."

నీలమ్మకు ఆ మాట తెగ నచ్చింది. తన చెట్టు ఇనుమును కాపాడుతోందని వీధంతా చెప్పుకుంది. పిల్లకు ఆలస్యం కాకూడదని ముందే ఆకు దూసి, సంచి గేటు దగ్గరే అందించేది. సాయిచంద్ టీ తెస్తానంటే, "ఆమెకు ల్యాబ్ ఉంటది, పోనియ్యి" అనేది. కృష్ణప్రియ మాత్రం గేటు పట్టుకుని కాసేపు అలాగే నిలబడేది. చెట్టు బోడిదవుతోందని దిగులు కాబోలు అనుకునేది నీలమ్మ.

ఆ దిగులు తీర్చాలనే ఒక కొమ్మ కుండీలో నాటి, చిగుళ్లేసేదాకా పెంచింది. ఇవాళ సంచికి బదులు ఆ కుండీ చేతికివ్వబోయింది.

"తీస్కపో బిడ్డా. ఇగ గింత దూరం వచ్చే పని లేదు. మీ ఇంట్లనే తెంపుకో."

కృష్ణప్రియ ముఖం పాలిపోయింది. "కుండీ ఆకుకు అంత బలం ఉండదేమోనండి."

"అస్సలు ఉండదమ్మా," కిటికీలోంచి సాయిచంద్ అందుకున్నాడు.

"ఇనుము సంగతి నీకేం తెల్సురా? నువ్వు కంప్యూటర్ చూసుకో," అని, నీలమ్మ అమ్మాయి వైపు తిరిగింది. "నీ పని ఆగదు బిడ్డా, ఫికర్ చెయ్యకు. ఇంకో కుండీ గూడ పెడత."

కృష్ణప్రియ చేయి చాపలేదు. కిటికీ వైపు ఒకసారి చూసి తల వంచుకుంది.

"ఆకుల పని పోయిన వేసవిలోనే అయిపోయింది అత్తమ్మా."