చిటికెడు పొడి

ముసలాయన చిటికెడు పొడి నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకున్నాడు. తర్వాత జేబులోంచి చిన్న స్టీలు కప్పు తీసి అందులో ఉమ్మేశాడు.

జిమ్‌లో బరువులెత్తుతున్న వాళ్లంతా ఆగిపోయారు.

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

జిమ్ అతనిది. పొడీ అతను అమ్మేదే. పచ్చిపాలతో చీజ్ చేయగా మిగిలిన తేటని, ఎక్కువ కాగనివ్వకుండా ఆరబెట్టి చేసిన ప్రోటీన్ పొడి. కండకి దీన్ని మించింది లేదని చెప్పి చెప్పి అతని నోరు అరిగిపోయింది. మర్నాడే మేనకోడలికి వెయిట్‌లిఫ్టింగ్ జట్టు ఎంపిక పోటీ. ఆ ఒక్క రోజు కోసం పిల్ల నాలుగేళ్లుగా చెమటోడుస్తోంది.

ఇలాంటప్పుడు ఎవరో దారిన పోయే పెద్దమనిషి లోపలికొచ్చి, "కొంచెం చూడొచ్చా బాబూ" అని డబ్బాలో వేలు పెట్టి, పదిమంది ముందు ఉమ్మేస్తే ఎలా ఉంటుంది?

"ఏంటయ్యా ఇది? తినే వస్తువు అలా ఉమ్మేస్తారా?"

"మింగకూడదు బాబూ, అలవాటు. దీనికి చెమ్మ తగిలింది. ఎవరికీ పెట్టకు."

"చెమ్మా? ఎక్కణ్ణుంచి?"

"డబ్బాలు పెట్టిన అలమర ఆ గోడకి ఆనించావు. అవతల స్నానాల గది కదూ?"

అవతల స్నానాల గదే. అది నిజం కావడంతో మాస్టారికి ఇంకా మండింది.

గోడ మీద అద్దం కట్టించి పెట్టిన చీటీని వేలితో చూపించాడు. 'రుచి చూశాను. బాగుంది.' కింద మెలికలు తిరిగిన సంతకం. ఫ్యాక్టరీ నుంచి వచ్చే ప్రతి డబ్బాలోనూ అలాంటి చీటీ ఒకటి ఉంటుంది.

"చూశావా? ఈయన ముఖం నేనెప్పుడూ చూళ్లేదు. అయినా ఈయన బాగుందంటే పన్నెండేళ్లుగా కళ్లు మూసుకుని అమ్ముతున్నా. ఈయన కంటే నీకెక్కువ తెలుసా?"

ముసలాయన కళ్లజోడు తుడుచుకుని చీటీ వంక చాలాసేపు చూశాడు.

"ఆయన చూసినప్పుడు బాగానే ఉండుంటుంది బాబూ. తర్వాత పాడైంది."

"నీ జన్మలో ఒక్క బరువెత్తావా? నువ్వొచ్చి నాకు చెప్పేదేంటి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో మాస్టారికి ఊపొచ్చింది. గ్లాసులో రెండు చెంచాలు కలిపి మేనకోడలి చేతికిచ్చాడు.

"నా సొంత మేనకోడలికే ఇస్తున్నా. చూసి వెళ్లు."

"మామయ్యా, ఏదో ముక్కిన వాసన..."

"నువ్వు కూడానా? తాగు."

"రేపు పోటీ అంటున్నారు. వద్దు తల్లీ," అంటూ ముసలాయన చెయ్యి చాపాడు.

మాస్టారు ఆయన రొమ్ము మీద చెయ్యేసి గుమ్మం దాకా నెట్టాడు. స్టీలు కప్పు కింద పడి దొర్లింది. ముసలాయన వంగి దాన్ని తీసుకుని వెళ్లిపోయాడు.

పిల్ల ముక్కు మూసుకుని తాగేసింది.

మర్నాడు పోటీలో పేరు పిలిచే వేళకి ఆ పిల్ల కడుపు పట్టుకుని మంచం మీద ముడుచుకుపోయి ఉంది.

"నీ తప్పేం లేదులే మామయ్యా. వాసన తెలిసి కూడా నేనే తాగాను," అంది.

నాలుగు తిట్టినా బాగుండేది. ఆ పిల్ల ముఖంలోకి చూడలేక మాస్టారు జిమ్‌కి వచ్చి అలమర ముందుకు లాగాడు. వెనక గోడంతా నల్లగా బూజు పట్టి ఉంది.

అప్పుడే ఫ్యాక్టరీ వ్యాన్ వచ్చింది. డ్రైవర్ కొత్త డబ్బా దించాడు.

"నేను అడగలేదే?"

"పాడైన దానికి బదులు సార్. చీటీ కూడా ఉంది."

మాస్టారు విప్పాడు. 'పాత డబ్బా విషయంలో పొరపాటు నాది. నేనే సరిగ్గా చూడలేదు. మార్చి ఇవ్వగలరు.'

తప్పు ఎవరిదో ఎదురుగా గోడే చెబుతోంది. మాస్టారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అలా రాయకపోతే ఆఫీసువాళ్లు వేరే డబ్బా ఇవ్వరు సార్," అన్నాడు డ్రైవర్. "రుచి చూసే పెద్దాయన రాశారు. ముప్పై ఏళ్లలో ఆయన మీద ఒక్క మాట పడలేదు. నిన్న ఉద్యోగంలో ఆఖరి రోజు. ఎక్కడికో వెళ్లొచ్చి, సొట్టపడ్డ స్టీలు కప్పు కడిగి బల్ల మీద పెట్టి, ఇది రాసిచ్చి వెళ్లిపోయారు. పొద్దున్నే ఊరు కూడా వదిలేశారు."

మాస్టారు చీటీ చివరికంటా చూశాడు. పన్నెండేళ్లుగా తను గోడ మీద అద్దంలో పెట్టుకుని అందరికీ చూపించుకున్న సంతకమే కింద ఉంది.